కాలువలు కట్టేశాక

మొదటి ఆదివారం పదకొండు డిస్కులు మోసుకెళ్లాను.
రంగులు చూసి కొన్నాను, నిజం చెప్పాలంటే.
ఒకటి దానిమ్మ గింజ ఎరుపు,
ఒకటి పచ్చగన్నేరు పసుపు,
ఒకటి ఆకాశం కంటే కాస్త ఎక్కువే నీలం.
దాని మీద వేగం అంకె పన్నెండు.
పన్నెండంటే నాకు తెలిసింది ఒక్కటే,
పదకొండు కంటే ఎక్కువని.

ముత్యాలరావు గారి కొబ్బరితోటలో
తొమ్మిది బుట్టలు.
సైకిలు రిమ్ములకి గేదె గొలుసులు వేలాడదీసి
అంబాజీపేట వెల్డింగు షాపులో చేయించినవి.
డిస్కు తగిలితే
పాకలో గేదె మెడ విదిల్చినట్టు చప్పుడు.
ఆ చప్పుడు నా చేత్తో పలికించడానికి
మూడు వారాలు పట్టింది.

ఆ రోజు నీలందే విసిరాను ముందు.
లేచినట్టే లేచి,
ఎడమకి, ఇంకా ఎడమకి,
అప్పిచ్చినవాణ్ణి చూసి సందు తిరిగిన మనిషిలా
గట్టు దాటి కాలువలో పడింది.
తేలలేదు.
లోవరాజు రెండు మునకలేసి
ఉత్త చేతులతో, ముక్కు నిండా నీళ్లతో లేచాడు.
"బురద లాగేసుకుందండీ."

కృపామణి టీచరు నవ్వలేదు.
బడిలో డ్రిల్లు చెప్పే మనిషి,
నా సంచి అందుకుని గడ్డి మీద బోర్లించింది.
సంతలో వంకాయలు ఏరినట్టు
ఒక్కోటీ తట్టి, వంచి, పక్కన పెట్టింది.
"ఇది మీది కాదు.
ఇదీ కాదు.
ఇది ఇంకో రెండేళ్లకి.
ఇది ఎప్పటికీ కాకపోవచ్చు, బెంగపడకండి."

మూడు మిగిలాయి.
దిబ్బరొట్టెలా అంచు మందమైన పట్టర్, దగ్గర పనికి.
నూట యాభై గ్రాముల మిడ్‌రేంజ్,
చెప్పిన మాట చాలావరకు వినేది.
ఏడు వేగం డ్రైవర్ ఒకటి,
"మరీ ఆశ పుట్టినప్పుడు."

నేను లైన్‌మన్‌ని.
ఇరవై రెండేళ్లుగా స్తంభాలెక్కుతున్నాను.
నడుముకి కటింగ్ ప్లేయరు, టెస్టరు, చేతులకి గ్లౌజులు, అంతే.
ఇల్లంతా కట్టుకుని ఎక్కేవాడికి
సగం స్తంభంలోనే తన బరువెంతో తెలుస్తుంది.
ఇంత తెలిసినవాణ్ణి
భుజాన పదకొండు ఎందుకేసుకున్నాను?

తుపాను రాత్రి ఒకటుంది.
మూరెడు ఫ్యూజు తీగ మర్చిపోయి
ఓడలరేవు నుంచి వానలో వెనక్కి నడిచాను.
నేను తిరిగి వెళ్లేదాకా
ఆసుపత్రి గదిలో ఎవరో టార్చిలైటు పట్టుకుని నిలబడే ఉన్నారు.
డిస్కులు దించాను గాని
ఆ రాత్రి సంచిలోంచి ఇంకా దిగలేదు.

చలికాలమంతా మూడింటితోనే ఆడాను.
దూరానికీ పట్టరే విసిరిన రోజులున్నాయి.
అందేది కాదు.
అందని చోటే పడేది, కాకపోతే తిన్నగా.

ఏప్రిల్‌లో కాలువలు కట్టేశారు.
నీళ్లు దిగుతుంటే ఊరి మతిమరుపంతా బయటపడింది.
ఒంటి చెప్పులు, సొట్ట పడ్డ చెంబు,
ఎవరిదో మోటారు ఫుట్‌వాల్వు.
మోకాలిలోతు బురదలోంచి
లోవరాజు కేక.

అదే.
అంచు కింద నత్త ఒకటి కాపురం పెట్టింది.
నీలం ఇప్పుడు ఆకాశం కంటే తక్కువ.
పన్నెండు మాత్రం చెరగలేదు.

కడిగి, లుంగీ చెంగుకి తుడిచి,
సంచి మూత తీసి నిలబడ్డాను.
టీచరు అటు తిరిగి బూటు తాడు కట్టుకుంటోంది,
అప్పుడే కట్టిన తాడుని.
"పట్టుకెళ్తారాండీ?" అన్నాడు లోవరాజు.

నత్తని తడి చూసి దింపాను.
డిస్కు వాడి చేతిలో పెట్టాను.
వాడు నన్ను చూడనైనా చూడకుండా
ఎండిన కాలువ పొడవునా విసిరేశాడు.
ఎడమకి, ఇంకా ఎడమకి.
పడదామంటే నీళ్లు లేవు,
నెర్రెల మీద దొర్లుకుంటూ పోయింది,
వెనకాలే వాడు.

ఐదో బుట్ట దగ్గర గాలి పడింది.
పట్టర్ తీశాను.