మినిట్స్ పుస్తకం

ముత్తుకూరు రోడ్డులో,
ఉప్పుగాలికి బోర్డు తుప్పు పట్టిన రొయ్యల కంపెనీలో
మాటల్ని పుస్తకానికెక్కించడం నా పని.

నెలకోసారి మీటింగు.
కొత్త జీఎం గారు కుర్చీ మా దగ్గరికి లాక్కుని
చొక్కా చేతులు మడిచి
“మనమంతా ఒకే కుటుంబం” అన్నారు.
“నా తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది” అన్నారు.
రాసుకున్నాను.
ఆ తలుపు నెత్తిన ఒక ఇనపచెయ్యి ఉంది.
చల్లగాలి బయటికి పోకుండా
ఎవరూ తొయ్యకపోయినా
తనే మెల్లగా మూసేస్తుంది.
అది రాయలేదు.

గ్రేడింగ్ బల్ల కాడి చెంగమ్మ లేచింది.
తెల్లారి నాలుక్కే ఇందుకూరుపేట బస్సెక్కే మనిషి.
మాస్కు గడ్డం కిందికి లాగి,
“అయ్యా, రొయ్యకి గంటగంటకీ ఐసు మారస్తుండారు.
మా గ్లౌజుకి చిల్లు పడితే
వారమైనా మార్చే దిక్కు లేదే.
రొయ్యగా పుట్టున్నా బాగుండేదబ్బా.”

నవ్వులు. ముందు నవ్వింది జీఎం గారే.
“నాక్కావలసింది ఇదీ!” అని
అందరి చేతా చప్పట్లు కొట్టించారు.
నేను రాశాను:
“ఉద్యోగులు ఉత్సాహంగా పాల్గొన్నారు.”

సోమవారానికి చెంగమ్మ
తలలు తీసే బల్ల కాడుంది.
చీలమండలు మునిగే నీళ్ళు, నెత్తిన చలిఫ్యాను.
ఆర్డరు లేదు, సంతకం లేదు.
సూపర్‌వైజర్ మస్తానయ్యని అడిగితే
నలభై కౌంటు రొయ్యల్ని మళ్ళీ లెక్కపెట్టసాగాడు.
ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు.
టీ వేళకి మూడొందల మందికీ తెలిసిపోయింది.
పైనుంచి కిందిదాకా
ఒక్క అక్షరం జారకుండా ఒక మాట చేరడం
ఈ కంపెనీలో నేను చూసింది
అదొక్కసారే.

మా తాత అల్లూరులో దండోరా వేసేవాడు.
కరణం చెప్పింది చెప్పినట్టు అరిచి
చివర్లో డప్పు మీద ఒక్క దెబ్బ ఎక్కువేసి
“ఇది నా మాట కాదహో, చెప్పమన్న మాటహో!” అనేవాడంట.
ఆ ఎక్కువ దెబ్బకి
ఒక ఏడు రెండు కుంచాల వడ్లు కోతపడ్డాయంట.
నాకు ఒకటో తేదీకల్లా జీతం పడుతుంది.

మళ్ళీ మీటింగు.
“ఎవరైనా, ఏదైనా, భయం లేకుండా…”
కంప్రెసర్ ఒక్కటే మాట్లాడింది.
మౌనాన్ని రాయడానికి
అచ్చు పుస్తకంలో గడి లేదు.
“సందేహాలు లేవు. ఏకగ్రీవం” అని గీత కొట్టాను.
జీఎం గారు భుజం తట్టి
నా చేతిరాత బాగుందన్నారు.
మంచాయనే. కూతురి పుట్టినరోజుకి
వాచ్‌మన్ దాకా గుర్తుపెట్టుకుని లడ్డు పంపాడు.
చిక్కల్లా అక్కడే ఉంది.
తిట్టుకుందామన్నా
నోట్లో తీపి ఇంకా పోలేదు.

సంతకాలకి పుస్తకం తిప్పుతుంటే
చెంగమ్మ వెనక పేజీలు తీసింది.
“కొండయ్యా, నేనన్న మాట యాడుండాది?”
చూపించాను.
“ఇదా?”
నీళ్ళకి నాని తెల్లబడ్డ వేలు
“ఉత్సాహంగా” మీద అక్షరం అక్షరం నడిచింది.
సిరా అలుక్కుపోయింది.
ఆమె ఇంకేమీ అనలేదు. సంతకం పెట్టి పోయింది.

ఆడిట్ వాళ్ళొస్తుండారు,
ఆ పేజీ తిరిగి రాయమన్నారు.
కొత్త కాగితం ముందేసుకుని కూచున్నాను.
రాత్రి షిఫ్టు బస్సు హారన్ కొట్టి పోయింది.
పెన్ను వెనక్కి తిప్పి
బల్ల మీద
ఒక్క దెబ్బ వేసి చూశాను.