లంగరు

తొమ్మిదో రోజు.
బెర్తు ఖాళీ లేదు.
కడుపునిండా ఆస్ట్రేలియా బొగ్గుతో మా ఓడ
గుంజకి కట్టేసిన దూడలా
గొలుసు చుట్టూ తిరుగుతోంది.
వెనక జెండా పనామాది. ఆ దేశం నేను చూడలేదు.
కాలువ దాటిన రాత్రి ఇంజన్ రూములో ఉన్నాను.

ఎదురుగా డాల్ఫిన్స్ నోస్.
కుడివైపు పొడుగునా ఊరు,
ఆ తెల్లమేడల వెనక ఎక్కడో జాలరిపేట బడి,
ఎక్కాలు రాక నేను గోడకుర్చీ వేసిన గది.
ఇవాళ అది నూట పద్నాలుగో నంబరు బూత్.

ఒక గీత సిగ్నల్ దొరికినప్పుడల్లా
ఫోనులో ప్రభుత్వం పిలుస్తోంది:
"మైలపల్లి ఎర్రన్న గారూ, ఓటు మీ హక్కు."
గారూ అంది.
ఇక్కడ "ఫిట్టర్!" అంటేనే పలుకుతాను.

నాలుగు మైళ్ళు.
చిన్నప్పుడయితే ఈదేవాణ్ణి.
వేట నిషేధం రోజులు, కేకేస్తే వచ్చి ఎక్కించుకోడానికి
మావాళ్ళ మరబోటు ఒక్కటీ నీళ్ళ మీద లేదు.
ఏజెంటుని అడిగించాను.
"లాంచి కిరాయి ఎవరిస్తారు? దిగితే ఇమిగ్రేషన్,
ఎక్కితే ఇమిగ్రేషన్, ఒక్క నొక్కుడికా?" అన్నాడట.
ఒక్క నొక్కుడికే.

ఓడెక్కే ముందు కలెక్టరాఫీసులోనూ అడిగాను.
గుమస్తా మంచివాడే, పుస్తకం తిరగేశాడు.
సైనికుడైతే తపాలాలో పంపవచ్చును.
విదేశమందున్న పౌరుడైతే
పాస్‌పోర్టు చేతబట్టుకొని స్వయముగా రావలెను.
"నువ్వెక్కడుంటావు?"
"నీళ్ళ మీదండి."
ఆయన పెన్నుకి మూత పెట్టాడు.

నా డాలర్లు నెలనెలా
దారి తప్పకుండా అదే ఊరు చేరతాయి.
వాటిని స్వయముగా రమ్మని ఎవరూ అనలేదు.

భోజనాల దగ్గర ఆయిలర్ రోడ్రిగో, సెబూ వాడు,
వాళ్ళ ఎన్నికలప్పుడు సింగపూర్‌లో దిగి
ఎంబసీలో ఓటేసి నూడుల్స్ తిని వచ్చానన్నాడు.
నూడుల్స్ సంగతే ఎక్కువ చెప్పాడు.
నాకు అన్నం దిగకపోవడమేమీ లేదు, దిగింది.
పప్పులో ఉప్పు లేదని వంటవాడి మీద అరిచాను, అంతే.

మూడింటికి నూకరత్నం ఫొటో పంపింది,
వేలు, వేలి వెనక మసగ్గా తన ముఖం.
కింద గొంతు:
"నీ పేరు నాకన్నా ఒక్క వరస పైనుందయ్యా.
పార్టీ కుర్రోడు స్కేలెట్టి నాది కొట్టేసాడు,
నీది వొదిలేసాడు. ఏటోలా అనిపించింది."

కొట్టేసిన పేర్లన్నీ ఉన్నవాళ్ళవి.

మర్నాడు వేకువన బెర్తు దొరికింది.
తాడు నిచ్చెన మీద పైలట్ పైకొస్తుంటే చెయ్యందించాను.
ఆయన ఎడమచెయ్యి ఇచ్చాడు.
చూపుడువేలి గోటి మీద సిరా, ఇంకా కొత్తది,
ఒక్క క్షణం నా గ్రీజు గుప్పిట్లో ఉంది.
"ఊళ్ళో ఎలా ఉందండీ?"
"ఎండ" అన్నాడు,
బ్రిడ్జి మెట్లెక్కుతూ.