జారిపడి అన్న మాట

నల్లగొండ కలెక్టరాఫీసు గోడకు ఆనుకొని
నాదొక జిరాక్సు మిషను.
మూత విరిగి రెండేండ్లాయె.
బాగుచేసేటోడు హైదరాబాదు నుంచి రావాలె,
వస్తున్న వస్తున్న అనుకుంటనే ఉన్నడు.

ఐతగోని ఎల్లమంద ఆ మిషను ముంగట నిలవడి
అంగి లోపల్నుంచి డిశ్చార్జి బుక్కు తీసిండు.
తొమ్మిదో పేజీ అన్నడు,
నేను తిప్పకముందే చదివిండు:
అవార్డులు, నిల్.
గాయం, ఎడమ తొడ.
కారణం, ట్రక్కు దిగుతూ జారిపడి.

"నిల్ అంటే ఓర్సుకుంటి బిడ్డా,
ఇయ్యకుంటే ఇయ్యకపాయె.
ఈ జారిపడి అన్నది సూడు.
మా నాయిన నలభై ఏండ్లు తాళ్లెక్కిండు.
వానల ఎక్కిండు, మోకు తెగిన్నాడు
మట్ట పట్టుకొని ఏలాడిండు గని జారలే.
ఆయన కడుపున పుట్టి నేను
నాలుగడుగుల ట్రక్కు మీదికెళ్లి జారుతనా?"

డెబ్బై ఒకటి డిసెంబరు.
మొలక గోధుమ చేన్లల్ల ఫిరంగి.
ఎదురుంగ పడ్డ గుండు మట్టిని లేపింది,
మట్టితోని ఇనుము లేచింది.
ఆర్ముగం అనే తంబి బెల్టు పట్టి గుంజిండట.
"అట" అనే అన్నడు ఆయన గూడ.
సోయి లేనప్పుడు
ఎవరో అడిగిండ్రు, ఎవరో చెప్పిండ్రు, ఎవరో రాసిండ్రు.
రాసినోడు ఆ రాత్రి ఎంతమందిని రాసిండో.
నేనాయన్ని తిట్టలేను,
నా చేతుల గూడ రోజుకో పేరు తప్పు పడ్తది.

నాసిక్కుకు రాసినం. ఆధారము లేదు అన్నరు.
మళ్ల రాసినం. సాక్షి ఎవరన్నరు.
ఆర్ముగం ఊరికి కార్డు రాస్తే
మీద తమిళంల ఏదో గీకి ఎన్కకు పంపిండ్రు.
బస్టాండు కాడి ఇడ్లీ బండామె చదివింది:
పోయి ఆరేండ్లు.
ఎల్లమంద ఆ పూట ఇడ్లీ తినలే.

మోకాళ్లు లేస్తలేవని పెద్దదవాఖానకు పోయిండొకనాడు.
మర్రిగూడ దిక్కోళ్లంటే
డాక్టరు అడగకుంటనే ఎక్స్‌రే రాస్తడు,
ఫ్లోరైడు నీళ్లు బొక్కలల్ల ఏం చేసినయో సూడనీకి.
అది సూసుకుంటనే కింద చిన్నగ రాసిండు:
పాత ఇనుప ముక్కలు, మూడు.

ఆ ఫిల్ము నా అద్దం మీద పెడితే
మొత్తం నలుపే వచ్చింది. మూత లేదు గద.
ఎల్లమంద భుజం మీది తువ్వాల తీసి
ఫిల్ము మీద పరిచి రెండు చేతుల ఒత్తిపట్టిండు.
లైటు అటు పోయి ఇటొచ్చింది.
తొడ బొక్క వచ్చింది,
నీళ్లు చేసిన వంకర వచ్చింది,
బొక్క పక్కన మూడు తెల్లజొన్న గింజలు,
వాటి మీద తువ్వాల నేత గూడ.
"జారిపడ్డోని తొడల జొన్నలు మొలుస్తయా
అని రాయి" అన్నడు.
నేను రాయలే.
ఎక్స్‌రే జతపరచడమైనది అని రాసిన.

పద్నాలుగు నెలలకు ఒక్క కాయితం.
వాళ్ల ఇంగ్లీషును నేను తెలుగు చేసి చదివిన:
"జారిపడి" అనుచోట "శత్రువు కాల్పులలో" అనియు,
"నిల్" అనుచోట "గాయ పతకము" అనియు
చదువుకొనవలెను.
పతకం వేరే పోస్టుల వస్తదట.
దాని సంగతి అడగనే లేదాయన.
"చదువుకొనవలెను. మళ్లొకసారి సదువు.
అంటే ఇన్నేండ్లు తప్పు సదివినోళ్లంత
మొదట్నుంచి సదవాల్నా?"
అట్లనే ఉన్నదన్న.

రెండు కాపీలు తీయమన్నడు.
ఒకటి ఇంట్ల పెట్టెకు,
ఒకటి కల్లు మండువ గోడకు.
తన పేరు ముందల "జారుడు" తగిలించినోళ్లు
సగం మంది పోయిండ్రు,
సగం మంది ఇంక ఆడనే కూసుంటరట సాయంత్రాలు.

నాలుగు రూపాయలు లెక్కవెట్టి ఇచ్చిండు.
తువ్వాల దులిపి భుజాన ఏసుకున్నడు.
నేను కాయితాలకు పిన్ను కొడుతుంటే
వంగి సూసుకుంట అన్నడు:
"జారకుండ కొట్టు బిడ్డా."