సీ షిఫ్టు తర్వాత

పొద్దున్న ఆరున్నరకి కూర్మన్నపాలెంలో బస్సు దిగి
ఇంటికొచ్చి వేలు పొడుచుకుంటాను.
వైర్ రాడ్ మిల్లులో ఇరవై రెండేళ్లు
ఎర్రగా కాలిన తీగ పక్కనుంచి దూసుకుపోతుంటే
రెప్ప వెయ్యనివాణ్ణి.
ఒక్క చుక్క నెత్తురుకి కళ్లు మూసుకుంటాను.

ఆస్పత్రిలో ఫరీదా మేడమ్ చీటీ మీద
ఓట్స్ అని మాత్రం రాసింది.
గాజువాక కొట్లో అలమర నిండా ఓట్సే.
ఒక డబ్బా మీద స్టీల్ కట్ అని ఉంది.
"మా ప్లాంటు సరుకేనా బాబూ?" అన్నాను.
కుర్రాడు నవ్వలేదు.
ధర చూశాక నేనూ నవ్వలేదు.

మసాలా పొట్లాలు తెచ్చుకున్నాను, పదిహేను రూపాయలవి.
వేణ్ణీళ్లు పోస్తే చాలు, చెంచా తిరిగేలోపు జావ.
నమిలే పని లేదు, జారిపోతుంది.
రెండు గంటలకి మీటరు
రెండొందల పదకొండు చూపించింది.
నాలిక మీద ఉప్పు మధ్యాహ్నం దాకా ఉంది.

"గింజ ఒకటే," అంది ఫరీదా మేడమ్.
"పీచూ మాంసకృత్తులూ ఇంచుమించు అంతే.
పొట్టు తీసి ముక్కలు కోస్తే ఒక రకం,
ఆవిరి పట్టి రోలర్ల కింద నొక్కితే ఇంకో రకం,
ఇంకా పల్చగా నొక్కి, ముందే ఉడికించి ఆరబెడితే
మీరు తిన్నది."
తర్వాత ఏదో ఇండెక్స్ గురించి చెప్పబోయింది.
చెయ్యెత్తి ఆపాను.
రోలర్ల సంగతి నాకా చెప్పడం?

బిల్లెట్‌ని చూడండి మేడమ్.
కొలిమిలోంచి తీసి పక్కన పడేస్తే
గంటలు గడిచినా దాని పొట్టలో వేడి ఉంటుంది.
అదే బిల్లెట్‌ని స్టాండు మీద స్టాండు దాటించి
ఐదున్నర మిల్లీమీటర్ల తీగ లాగామా,
ఫ్యాను గాలికి నిమిషాల్లో చల్లారిపోతుంది.
బరువు అదే. ఇనుమూ అదే.
ఒళ్లు ఎంత పరిస్తే
అంత తొందరగా ఇచ్చేసుకుంటుంది.
నా కడుపులో ఆ పల్చటి రేకూ
తన చక్కెరంతా ఒక్క ఊపున ఇచ్చేసుకుంది.

ఆవిడ కాసేపు నన్నే చూసి
"ఇది నేను రాసుకోవచ్చా?" అంది.

ఆ నెల ఓవర్‌టైం డబ్బుల్తో స్టీల్ కట్ కొన్నాను.
పైడితల్లి డబ్బా తెరిచి చేట్లో పోసి చూసింది.
"ఇవేటి, నూకలు!
ఇంత డబ్బెట్టి నూకలు కొన్నావేటి?"

అయినా నేను షిఫ్టుకెళ్లిన రాత్రి నానబోసింది.
తెల్లారి బీన్సూ మునగాకూ వేసి
అరగంట ఉడికించింది.
కొలతకి చంటిపిల్లల ఉగ్గుగిన్నె.
దవడలు నొప్పెట్టేదాకా నమిలాను.

రెండు గంటలకి, నూట నలభై ఎనిమిది.
అంకె గట్టిగా చదివి వినిపించాను.
వంటగదిలోంచి చప్పుడు లేదు కాసేపు.
"అయితే భూమ్మీద నీకింకా నూకలున్నాయన్నమాట," అంది,
గొంతు ఏదోలా ఉంది.

ఆ సంబరంలో ఇంకో గరిటె అడిగాను.
గిన్నె అప్పటికే కడిగి బోర్లించేసింది.