బండి కింద గులాబీ మరక

బల్రానాల్డ్ దాటి నలభై కిలోమీటర్లు.
చెట్టు లేదు, గుట్ట లేదు,
కంటికి ఆనడానికి ఒక్క పాకైనా లేదు.
చపాతీ పీట తర్వాత ఇంత చదునైనది
నేనెక్కడా చూళ్ళేదు.
బయట నలభై మూడు డిగ్రీలు.
డాష్‌బోర్డు మీద ముల్లు
మధ్య గీత విడిచి
మెల్లగా, పిల్లిలా, ఎరుపు వైపు.

"ఏసీ ఆపు," అన్నాడు సుధీంద్ర.
ఆపాను.
"హీటర్ పెట్టు."
మొహంలోకి చూశాను.
"ఫుల్లుగా పెట్టు. ఇంజన్ వేడి మన మీదికి లాక్కోవాలి."

జనవరి మధ్యాహ్నం
అద్దాలన్నీ దించి, హీటర్ పెట్టుకుని
నలుగురం కూర్చున్నాం
ఒక ఇనప ముద్దకొచ్చిన జ్వరాన్ని
తలా కాస్త పంచుకుంటూ.
చిన్నది చెప్పులు విప్పి కాళ్ళు సీటు మీదికి ముడుచుకుంది.
పెద్దాడు వెనకనుంచి మెడ చాచి
ముల్లుకు కామెంటరీ చెబుతున్నాడు:
తగ్గింది... ఆగింది... అమ్మా, మళ్ళీ లేచింది.

అప్పుడొచ్చింది వాసన,
మాడిన బెల్లప్పాకం వాసన.

రోడ్డు పక్కకి తీసి ఆపాను.
బానెట్ ఎత్తుతూ బొటనవేలు కాల్చుకున్నాడు.
అయినా రేడియేటర్ మూత మీదికి చెయ్యి పోనిచ్చాడు.
మణికట్టు పట్టుకు లాగాను.
కుక్కరనుకున్నావా?
దానికైనా విజిలుంటుంది,
చెప్పి మరీ వస్తుంది ఆవిరి.

చల్లారాలి. అదొక్కటే పని.
పెద్ద లారీ ఒకటి దూసుకుపోతే
బండి మొత్తం ఉలిక్కిపడి ఊగింది.
సుధీంద్ర డిక్కీ తెరిచి, దుప్పటి తొలగించి,
కింద దాచిన పాల క్యాన్లు బయటికి తీశాడు.
ఆరు. అన్నిట్లో కుళాయి నీళ్ళు.
నేనేమీ అడగలేదు.
"నెలన్నర నుంచి," అన్నాడు,
"నువ్వు లేవకముందే పోస్తున్నా. రోజూ ఒక లీటరు."
ప్యాకింగ్ షెడ్డులో ద్రాక్ష తగ్గింది, షిఫ్టులూ తగ్గాయి,
మెకానిక్ మాట ఎత్తితే
సముద్రం మాట ఆగిపోతుందని.

పిల్లలకి సముద్రం చూపిస్తానన్నది నేను.
డ్రైవ్‌వే మీద గులాబీ రంగు మరక
రూపాయి బిళ్ళంత ఉన్నప్పుడే చూసిందీ నేనే.
కంచమంత అయ్యాక
దాని మీద అట్టముక్క పరిచాను,
నువ్వు చూస్తావని.

చెప్పేశాను.
నవ్వుతాడనుకున్నా, తిడతాడనుకున్నా.
క్యాను మూత తిప్పుతూ, తిప్పుతూ,
"ఆ అట్ట నువ్వేశావా," అన్నాడు,
"గాలికి కొట్టుకొచ్చిందేమో అనుకున్నా.
ఎగిరిపోకుండా
దాని మీద ఇటుక పెట్టాను."

పదిహేను కిలోమీటర్లు నడవడం, అరగంట ఆగడం.
అలా హే ఊరు చేరేసరికి
ఎండ పడమటికి జారింది.

షట్టర్ దించబోతూ ఆగింది బ్రాన్విన్ అనే ముసలామె.
చిట్లిన గొట్టం చూపించింది.
ఇంకేదో విప్పి, బొటనవేలంత ఇత్తడి ముక్క తీసి
టీ కాచుకునే కెటిల్‌లో వేసింది.
థర్మోస్టాట్‌ట.
నీళ్ళు కాగితే తెరుచుకోవాలట.
అయిదుగురం కెటిల్ మీదికి వంగాం.
నీళ్ళు తెర్లాయి, పొంగాయి, మూత ఎగిరింది.
అది మాత్రం నోరు విప్పలేదు.
"మొండి ఘటం," అన్నట్టుంది ఆవిడ, ఆవిడ భాషలో.
సుధీంద్ర నా వైపు చూశాడు.
నేను గోడ మీది క్యాలెండర్ చూశాను.

కొత్తది వేసి, గొట్టం మార్చి,
నూట అరవై డాలర్లు తీసుకుంది.
కెటిల్ కడిగి అందులోనే టీ పెడతానంది,
మాకెవరికీ దాహం లేదన్నాం.

మర్నాడు మోటెల్ ముందు
వెలుతురు ఇంకా బూడిద రంగులో ఉండగానే
చప్పుడు కాకుండా బయటికొచ్చి
బండి కిందికి వంగి
అరచేత్తో సిమెంటు తడిమాను.
పొడి.
ఇంకాస్త లోపలికి. అక్కడా పొడి.
అవతలి చక్రం పక్కన
ఇంకో అరచెయ్యి తడుముతోంది,
బొటనవేలికి నిన్నటి బొబ్బతో.