పెట్టెల మీద ఊళ్లు

సైదాపురం అభ్రకం షెడ్డులో
నా పని ఊళ్ల పేర్లు వెయ్యడం.
రేకు అచ్చు పెట్టెకి ఆనించి
తారు కలిపిన నల్లరంగు కుంచెతో అద్దితే
హాంబర్గ్.
ఇంకో రేకు, ఇంకో అద్దు: వియన్నా.
నేను చూసిన పెద్ద ఊరు గూడూరు,
అదీ రైలుకట్ట దాకానే.

లోపల ఎనభైమంది ఆడవాళ్లు
రాయిని పొరలు పొరలుగా చీలుస్తుంటారు.
ఉల్లిపొర కన్నా పలచన.
కంట నీళ్లు పెట్టించదు, దగ్గు తెప్పిస్తుంది.
పొద్దుగూకి గేటు దాటేటప్పుడు
మస్తానమ్మ ముంజేతుల మీద, రెప్పల మీద తళుకు.
"పెళ్లికూతురి మాదిరుండా గదా" అని తనే నవ్వేది,
నవ్వు మధ్యలో దగ్గొచ్చేది.

శేషాచలం పంతులు దగ్గర ఎర్ర అట్ట చిట్టా.
దేశానికో పేజీ.
ముప్పై ఎనిమిది మార్చిలో
ఆస్ట్రియా పేజీకి అడ్డగీత కొట్టి
వియన్నాని జర్మనీ పేజీ అడుగున ఎక్కించాడు.
"ఆ దేశం ఏమైంది పంతులూ?"
"ఏమీ కాలేదురా, పేజీ మారింది."
సిరా ఆరేందుకు ఊదాడు.

అక్టోబరులో ఇంకో దేశం అంచు నుంచి రెండు ఊళ్లు జరిగాయి.
మార్చి తిరిగొచ్చేసరికి ప్రాగ్ కూడా.
జర్మనీ పేజీ నిండిపోతే
అన్నం మెతుకులతో పక్కనొక కాగితం అంటించాడు.
నా రేకుల్లో మాత్రం
ఒక్క అక్షరం మారలేదు.
ఎందుకో నాకు అదే భయమేసింది.

మద్రాసు పేపరు రెండోనాటికి మాకొచ్చేది.
పంతులు పైకి చదువుతుంటే
కత్తి ఆపకుండానే మస్తానమ్మ అంది:
"మా పైకయ్య ఆసామీ ఇంతే.
దున్నినప్పుడల్లా గెనెం జానెడు చెక్కతాడు.
అడిగితే, ఇదే కడాకరు జానెడు అంటాడు.
పెద్దమనుషులేమో, పోనీలే మే, జానెడే గదా అంటారు.
వాళ్ల కయ్య కాదు గదా."
పంతులు పేపరు మడిచి
గొడుగులో దోపుకున్నాడు.

ఆగస్టులో ముప్పైయేడు పెట్టెలు.
హాంబర్గ్, హాంబర్గ్, హాంబర్గ్.
కుంచె వెంట్రుకలు ఊడి అక్షరాలకి అంటుకున్నాయి.
బండ్ల మీద గూడూరు, రైల్లో మద్రాసు,
ఆ తర్వాత నాకు తెలియని నీళ్లు.

సెప్టెంబరు రెండోవారం
నెల్లూరు కచేరీ నుంచి డఫేదారొచ్చి
నా రేకులు లెక్కపెట్టి పట్టుకుపోయాడు.
రసీదు ఇచ్చాడు:
'శత్రు దేశపు ఊళ్లు, తొమ్మిది.'
అందులో ప్రాగ్ ఉంది. వియన్నా ఉంది.

షెడ్డు మూసేస్తారనుకున్నాం.
మూయలేదు, ఇంకో వరస కప్పు వేశారు.
లండన్, లండన్, లివర్‌పూల్.
విమానాలకీ రేడియోలకీ మా రేకే కావాలంట.
రాత్రి పని మొదలైంది, పెట్రోమాక్స్ దీపాల కింద.
అవీ జర్మనీవే.
వాటినెవరూ లెక్కపెట్టి పట్టుకుపోలేదు.
కూలి అర్ధణా పెరిగింది.
యుద్ధం మా ఇళ్లల్లోకి అలా వచ్చింది,
అర్ధణాగా,
కొంగుముడిలో.

గనిలో మందు కూరే పెంచలయ్యని
సైన్యంవాళ్లు పేరడిగి మరీ తీసుకుపోయారు.
బండకి చెవి ఆనించి
ఎక్కడ పగులుతుందో చెప్పగలవాడు.
ఎడారి నుంచి ఒక కార్డు:
'ఇక్కడ రాళ్లు మెరవవు.'
రెండో కార్డు
ఇంకెవరిదో చేతిరాత.

నాకిప్పుడు డెబ్భై దాటాయి.
గనుల్లో నీళ్లు నిలిచి పిలకాయలు ఈతలు కొడుతున్నారు.
వాన వెలిశాక దారి పొడుగునా పొరల ముక్కలు
కళ్లలో గుచ్చుతాయి.
ఒక్క లెక్క తేలదు.
ఆ ముప్పైయేడు పెట్టెలు చేరాయా, మునిగాయా?
చేరి ఉంటే
పెంచలయ్య తలెత్తి చూసిన ఆకాశంలో
మస్తానమ్మ చీల్చిన పొర ఏమైనా ఉందా,
నా చేత్తో అడ్రసు వేసి పంపింది?

చిట్టా చెదలు తినేశాయి.
రసీదు మాత్రం ట్రంకుపెట్టెలో భద్రంగా ఉంది.
శత్రు దేశపు ఊళ్లు, తొమ్మిది.
యుద్ధం అయినాక తిరిగిస్తామని
కింద సంతకం.