నాలుగు వందల పదిహేడు

అరండల్‌పేట, మెడికల్ షాపు మీద రెండో అంతస్తు.
సోమవారం నుంచి కొత్త రూలు:
కోడు ఎక్కించేటప్పుడు రాసే ముక్కకి
ముందు ఓ బొమ్మ, వెనక ఓ నంబరు.

తప్పు దిద్దితే పురుగు.
కొత్తది చేరిస్తే మెరుపు.
పాతది పీకేస్తే చెత్తబుట్ట.
అర్జెంటుకి నిప్పు.
"గుంటూర్లో నిప్పెందుకండీ, మిరపకాయ పెట్టండి" అన్నాను.
షాహీన్ నవ్వలేదు. రాసుకుంది.

నంబరు లేనిది గేటు దగ్గరే ఆగిపోతుంది,
చీటీ లేకుండా యార్డుకొచ్చిన ట్రక్కు ఆటోలా.

గొణిగాను.
పదకొండేళ్ళుగా రాస్తున్నా:
"సరిచేశా." "మళ్ళీ సరిచేశా."
"ఇదే ఆఖరు." "ఇదే ఆఖరు, ఒట్టు."
ఎవరైనా అడిగారా?

మార్చి. రాత్రి ఒంటిగంట.
కిటికీ వేసినా గొంతులో ఘాటు.
తూకం లెక్కలో ఎక్కడో
టిక్కీకి అరకిలో అదనంగా తరుగు పోతోంది.
తవ్వుకుంటూ వెళ్ళా, ఈ లైను ఎవరిదని.
మూడేళ్ళ లోతున దొరికింది.
"చిన్న మార్పు" అని ఉంది, అంతే.
కింద పేరు నాదే.
ఎందుకు మార్చావురా అని అడుగుదామంటే
వాడు నా కుర్చీలోనే కూర్చుని
నా చల్లారిన టీ తాగుతున్నాడు.

నంబరు నొక్కాను. 417.
ఫిరంగిపురం మరియదాసు. తేజ రకం.
ముప్పై రెండు టిక్కీలు, పదహారు కిలోల తేడా.
పొద్దుట్నుంచీ కౌంటరు దగ్గరే నిలబడ్డాడని
కొట్టు గుమాస్తా రాశాడు.
ఒక ఫోటో కూడా:
గోనె మీద నీలం సిరాతో పావురం,
పావురం కింద అంకె.

ఆ పావురాన్ని చూసే కదా
అక్షరం రాని హమాలీ
చీకట్లో కూడా సరైన కొట్టుకి మోస్తాడు.
ఆ అంకె చూపించే కదా
మరియదాసు "ఇది నాది" అంటాడు.

పురుగు బొమ్మ పెట్టాను.
"ముప్పై దాటిన లాటుకి తరుగు రెండుసార్లు కోస్తున్నాం.
ఒక్కసారే కోయాలి. తప్పు నాది. 417."
గేటు తెరుచుకుంది.
టికెట్ తనంతట తనే జరిగి
'పూర్తయింది' గడిలో కూర్చుంది.

ఏం పూర్తయింది?
పదహారు కిలోల డబ్బు ఎవరిస్తారో
ఆ గడిలో లేదు.
మూడు సీజన్లు. ముప్పై దాటిన లాట్లు ఎన్నో.

కొత్తది తెరిచాను. 418.
"పాత లాట్లన్నీ వెతకాలి. వాపసు ఇవ్వాలి."
దీనికి ఏ బొమ్మ పెట్టాలో
షాహీన్ పట్టికలో లేదు.
పొద్దున్నే అడగాలి.